తలుపు అవతల నిలిచిన అమ్మాయి

మా చిన్నమ్మాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. మొన్న చలికాలంలో ఒకనాటి రాత్రి తహజ్జుద్ కోసం లేచి చూస్తే ఆమె గదిలో దీపం వెలుగుతున్నది. పరీక్షల భయంతో మేల్కొని ఉన్నదేమోనని జాలిపడి లోపలికి వెళ్ళాము. చేతిలో ఉన్నది పాఠ్యపుస్తకం కాదు, ఆంగ్ల నవల.

దాచడం దేనికి? ఇరవై ఎనిమిదేళ్ళుగా మద్రసాలో పాఠాలు చెబుతున్న మాకు నవలలంటే సదభిప్రాయం లేదు. జరగని సంగతులను జరిగినట్లు రాయడం, వాటికోసం నిద్ర పాడుచేసుకోవడం మాకు ఎన్నడూ రుచించలేదు. నాలుగు మాటలు గట్టిగా అందామనే అనుకున్నాము. కాని ఆ పిల్ల కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "అబ్బాజాన్, ఇంకా రెండు పేజీలే ఉన్నాయి. తలుపు తీస్తారో లేదో చూడాలంటే భయంగా ఉంది" అన్నది. ఏ తలుపు అని అడిగాము. అలా అడగడంతోనే మేము కూడా ఆ కథలోకి వెళ్ళిపోయాము. మాకు ఆంగ్లం అంతంత మాత్రమే గనుక తర్వాతి వారం రోజులు మగ్రిబ్ నమాజు కాగానే ఆమె మొదటి నుండి చదివి ఉర్దూలో వివరిస్తూ ఉంటే విన్నాము. అర్థం కానిచోట మళ్ళీ చదివించుకున్నాము.

నవల పేరు 'ఎంప్టీ వరల్డ్', అంటే ఖాళీ అయిపోయిన ప్రపంచం. 1977లో ఇంగ్లాండులో వెలువడింది. రచయిత జాన్ క్రిస్టఫర్. అది కలం పేరు, అసలు పేరు శామ్ యూడ్. 1922లో పుట్టి 2012లో మరణించాడు. కౌమార వయస్కుల కోసం అనేక నవలలు రాసి పేరు గడించినవాడు.

కథానాయకుడు నీల్ మిల్లర్ అనే బాలుడు. ఒక మహమ్మారి లోకాన్ని చుట్టుముడుతుంది. ముందు జ్వరం వస్తుంది. అది తగ్గి రోగి కోలుకున్నట్లు కనిపిస్తాడు. ఆ తర్వాత శరీరం శరవేగంగా ముసలిదైపోయి ప్రాణం పోతుంది. మొదట వృద్ధులకే వస్తుందని జనం కాస్త నిబ్బరంగా ఉంటారు. క్రమంగా అది మధ్యవయస్కులను, యువకులను, చివరకు పసిపిల్లలను సైతం కబళిస్తుంది. జ్వరం వచ్చినా బతికి బయటపడిన బహు కొద్దిమందిలో నీల్ ఒకడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. ఆ కల్పిత వ్యాధికి రచయిత పెట్టిన పేరు 'కలకత్తా ప్లేగు'. అది విన్నప్పుడు మా అమ్మాయి ముఖం చిట్లించింది. వ్యాధి ఎప్పుడూ తూర్పు దేశాల నుండే వస్తుందనీ, దానికి అక్కడి నగరం పేరు తగిలించడం న్యాయమేననీ ఆ కాలపు ఆంగ్లేయులు భావించేవారు కాబోలు. కొత్త వ్యాధులకు ఊళ్ళ పేర్లు, జాతుల పేర్లు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అయినా 2020లో మన దేశంలోనే వ్యాధికి ఒక మతాన్ని అంటగట్టిన వారిని మనం చూశాము. కూరగాయల బండివాడిని పేరేమిటని అడిగి వెనక్కి పంపిన వీధులు మన పట్టణాల్లోనూ ఉన్నాయి. పేరుతో మొదలయ్యే అన్యాయం ఎంత దూరం పోతుందో మన ఇళ్ళలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఈ లోపాన్ని పక్కన పెట్టి చదవమని పాఠకులకు మా మనవి. పుస్తకంలో పెట్టుకోదగినది చాలా ఉన్నది.

మమ్మల్ని మొదట ఆపినది మహమ్మారి కాదు, అంతకు ముందే జరిగిన దుర్ఘటన. కథ ఆరంభానికే నీల్ తల్లిదండ్రులు, తోబుట్టువులు కారు ప్రమాదంలో మరణించి ఉంటారు. సముద్రతీరానికి దగ్గరలో వించెల్సీ అనే చిన్న ఊరిలో తాత, అమ్మమ్మల వద్ద అతడు కాలం గడుపుతుంటాడు. ఏడుపు రాదు. దేనిమీదా మనసు నిలవదు. అంటే మిగతా లోకానికి ప్రళయం తర్వాత వచ్చింది, ఆ బాలుడికి మాత్రం అది అప్పటికే వచ్చి వెళ్ళింది. చుట్టూ అందరూ తమవారిని పోగొట్టుకుంటున్నప్పుడు అతడికి అది కొత్త సంగతి కాదు.

ఈ భాగం వింటూ ఉంటే మాకు మా వసతిగృహం గుర్తుకొచ్చింది. 2021 వేసవి తర్వాత మా వద్ద చేరిన పిల్లలలో కొందరు తండ్రిని, ఒకరిద్దరు తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నవారు. వారిలో పదేళ్ళ పిల్లవాడు ఒకడు ఎన్నడూ కంట తడి పెట్టలేదు. పాఠం చక్కగా అప్పగించేవాడు. చాలా ధైర్యవంతుడని మేము మెచ్చుకునేవాళ్ళము. మూడు నెలల తర్వాత పరుపులు ఎండబెడుతుంటే అతడి తలగడ కింద ఎండిపోయిన రొట్టెముక్కలు దొరికాయి. ఎందుకు దాచావని అడిగితే జవాబు చెప్పలేదు. ఆ రొట్టెల అర్థం మాకు అప్పుడు తెలియలేదు. నీల్ కథ విన్నాక కొంత తెలిసినట్లు అనిపించింది. ఏడవని పిల్లవాడిని ధైర్యవంతుడని పొగిడి మేము వాడి నోరు మరింతగా మూయించామేమో.

తాత, అమ్మమ్మ కూడా పోయిన తర్వాత నీల్‌కు టామీ, సూజీ అనే ఇద్దరు చిన్నపిల్లలు తారసపడతారు. వారిని తనతో ఉంచుకుని తినిపిస్తాడు, కనిపెట్టుకుని ఉంటాడు. అంతవరకు తనను తాను కూడా పట్టించుకోని కుర్రవాడు పసివారి కోసం లేచి నిలబడతాడు. ఆ ఇద్దరినీ రోగం వదలదు. చిన్నపిల్లల ముఖాల మీద వార్ధక్యం వచ్చి కూర్చునే ఆ పేజీలను మా అమ్మాయి చదవలేక ఆగి ఆగి చదివింది. పన్నెండు పదమూడేళ్ళ లోపు పిల్లల చేతికి ఈ పుస్తకం ఇవ్వవద్దని మేము చెప్పడానికి ఈ భాగమొక్కటి చాలు.

ఆ తర్వాత కథ లండన్ నగరానికి సాగుతుంది. దుకాణాలు ఉన్నాయి, అమ్మేవాడు లేడు. ఇళ్ళు ఉన్నాయి, యజమానులు లేరు. నీల్ తనకు కావలసినది తీసుకుంటూ బతుకుతాడు. "ఇది దొంగతనమవుతుందా అబ్బాజాన్?" అని అమ్మాయి అడిగింది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నతో మాకు ప్రాణం లేచి వచ్చింది. మా రంగం అదే కదా! వారసులు లేని ఆస్తి బైతుల్‌మాల్‌కు చెందుతుందని చెప్పాము. "బైతుల్‌మాలే లేకపోతే?" అన్నది. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో దీనికి దగ్గర చర్చ ఒకటి ఉన్నదని వివరించాము. ఆకలితో ప్రాణం మీదికి వచ్చినవాడు చచ్చిన పశువు మాంసం తినాలా, లేక పరుల తోటలోని పండ్లు కోసుకోవాలా? ఆ తోట యజమానులు అతడి అవసరాన్ని నమ్మి అతణ్ణి దొంగగా చూడరనుకుంటే పండ్లే తినవచ్చునని, లేదంటే ఆ మాంసమే మేలని ఆయన అభిప్రాయం. అటువంటి స్థితిలో ఆ మాంసాన్ని కడుపునిండా తిని దారికి కొంత వెంట తీసుకుపోవచ్చునని కూడా ఆయన అన్నారు. హనఫీ పండితులు ప్రాణం నిలుపుకునేంతవరకే అనుమతించారు. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "నీల్ మాలికీ అన్నమాట" అన్నది. నవ్వు ఆపుకోలేకపోయాము.

లండన్‌లో నీల్ ఇంకొక జీవి కోసం వెతుకుతాడు. పీటర్ అనే బాలుడి జాడ దొరుకుతుంది. ఎంతో ఆశతో వెళ్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఒంటరితనం భరించలేక ఆ బాలుడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇటువంటి ఘట్టం వచ్చినప్పుడు పుస్తకాన్ని పిల్లలకు వదిలేసి మనం పక్కగదిలో కూర్చోవడం సరికాదు. మేము ఆ రాత్రి చదవడం ఆపించి, నీకు ఎప్పుడైనా అలా ఎవరూ లేరనిపించిందా అని మా అమ్మాయిని నేరుగా అడిగాము. ఆమె చెప్పిన సంగతులు ఇక్కడ రాయదగినవి కావు. కాని అడగకపోయి ఉంటే మాకు ఎన్నటికీ తెలిసేవి కావు.

ఒంటరి మనిషి కథ మనకు కొత్తదేమీ కాదు. క్రీ.శ. 1185లో మరణించిన అందలూసియా పండితుడు ఇబ్న్ తుఫైల్ 'హయ్య్ ఇబ్న్ యఖ్‌జాన్' అనే కథ రాశాడు. నిర్జన ద్వీపంలో జింక పాలు తాగి పెరిగిన బాలుడు చూపుతో, ఆలోచనతో సృష్టికర్త వరకు చేరుకుంటాడు. అది 1671లో లాటిన్ భాషలోకి, 1708లో అరబ్బీ నుండి నేరుగా ఆంగ్లంలోకి వెళ్ళింది. అయితే హయ్య్‌కు పోగొట్టుకోవడానికి మనుషులు లేరు. అతడి ఏకాంతం నిండుగా ఉంటుంది. నీల్ ఒంటరితనం అలాంటిది కాదు. ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నవాడి ఒంటరితనం అది.

కల్పనను వదిలి నిజంగా అలా మిగిలిపోయిన ఒక యువకుని సంగతి మా అమ్మాయికి చెప్పాము. ఇబ్న్ ఖల్దూన్ 1332లో ట్యూనిస్‌లో పుట్టారు. 1348, 49 సంవత్సరాలలో చరిత్రకారులు నల్లచావు అని పిలిచే ప్లేగు ఆ నగరానికి వచ్చేనాటికి ఆయనకు పదహారు పదిహేడేళ్ళ వయసు. తల్లిదండ్రులు పోయారు. పాఠం చెప్పిన గురువులు ఒకరి తర్వాత ఒకరు పోయారు. మిగిలిన గురువు అల్ ఆబిలీ కొంతకాలానికి ఫెజ్ నగరానికి వెళ్ళిపోతుంటే ఆ యువకుడు కూడా వెంట వెళ్తానన్నాడు. అన్నగారు వారించి ఆపారు. కొన్నాళ్ళకు ట్యూనిస్ పాలకుని కొలువులో రాజపత్రాలపై అధికార చిహ్నాన్ని లిఖించే ఉద్యోగంలో చేరాడు, అదీ ఎంతోకాలం నిలవలేదు. పాతికేళ్ళు పైబడిన తర్వాత, 1377లో, మారుమూల కోటలో కూర్చుని 'ముఖద్దిమా' రాశారు. నగరాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి, మనుషులను ఒకరితో ఒకరిని కట్టి ఉంచేదేమిటి అని ఆయన అడిగిన ప్రశ్నలను లోకం నేటికీ చదువుతున్నది. ప్లేగు వలన ఊళ్ళు పాడై, దారులు మాసిపోయి లోకపు రూపమే మారిపోయిందని, అందుకే చరిత్రను కొత్తగా రాయవలసి వచ్చిందని ఆ గ్రంథంలో ఆయనే చెప్పుకున్నారు. మద్రసాలో ఆయన పేరు వందలసార్లు ఉచ్చరించాము. తల్లిదండ్రులు లేని పదిహేడేళ్ళ కుర్రవాడిగా మాత్రం ఈ నవల విన్న తర్వాతే ఊహించుకోగలిగాము.

ఇక ఆ తలుపు సంగతి.

లండన్‌లో నీల్‌కు చివరకు ఇద్దరు అమ్మాయిలు కనిపిస్తారు. లూసీ, బిల్లీ. వారిద్దరూ అంతవరకు ఒకరికొకరు తోడుగా బతికినవారు. పెత్తనమంతా బిల్లీది. మూడవ మనిషి రావడం ఆమెకు మింగుడుపడదు. లూసీ తన నుండి దూరమవుతుందని అసూయ పెరిగి ఒకనాడు కత్తితో నీల్ మీద పడుతుంది. వారు ఆమెను బయట ఉంచి తలుపు బిగించుకుంటారు. బిల్లీ తిరిగి వచ్చి, లోపలికి రానివ్వమని ప్రాధేయపడుతుంది. లోపల ఇద్దరూ వింటూ కూర్చుంటారు. తెరిస్తే మళ్ళీ కత్తి ఎత్తదని హామీ లేదు. తెరవకపోతే ఆ ఖాళీ లోకంలో ఆమె గతి ఏమిటో పీటర్ ఉదంతం చూసిన నీల్‌కు తెలుసు. కాసేపటికి ఇద్దరూ లేచి కిందికి దిగుతారు. నవల అక్కడితో ముగిసిపోతుంది. తర్వాత ఏమైనదో రచయిత చెప్పడు.

ఇదే రచయిత 1956లో పెద్దల కోసం 'ది డెత్ ఆఫ్ గ్రాస్' అనే నవల రాశాడని అమ్మాయి తర్వాత వెతికి చెప్పింది. అందులో వరి, గోధుమ సహా గడ్డిజాతి పైర్లన్నింటినీ ఒక వైరస్ చంపేస్తుంది. కరువులో జాన్ అనే వ్యక్తి భార్యాపిల్లలతో, వెంట చేరిన జనంతో అన్నగారి లోయకు చేరుకుంటాడు. నీ కుటుంబానికి చోటు ఉన్నది, ఈ జనమందరికీ లేదని అన్న ద్వారం వద్ద ఆపేస్తాడు. జాన్ మనుషులు పోరాడి లోపలికి చొరబడతారు. ఆ పోరులో అన్న మరణిస్తాడు. ఇరవై ఒక్క ఏళ్ళ వ్యవధిలో ఒకే మనిషి ఒక తలుపును రెండు విధాలుగా రాశాడు. మొదటిది తెరవని తలుపు. రెండవది తెరిచినది, అదీ పిల్లల చేత. ఎందుకు మార్చుకున్నాడో మాకు తెలిసే వీలు లేదు. కాని పిల్లల కోసం రాసినప్పుడు అతడు అబద్ధపు ధైర్యం ఇవ్వలేదు. కత్తి ఎత్తిన చేతినే బయట నిలబెట్టాడు. మంచివాడు వచ్చి తలుపు తడితే తీయడంలో విశేషమేమున్నది?

పుస్తకం మూసి అమ్మాయి మమ్మల్ని అడిగింది: "మీరైతే తీసేవారా అబ్బాజాన్?"

మేము జవాబు చెప్పలేదు. నిద్ర వస్తున్నదని లేచిపోయాము. ఎందుకో ఇప్పుడు చెబుతాము.

2021 మే నెల. రమజాన్ ఆఖరి రోజులు. తరావీహ్ నమాజు ఇంట్లోనే ముగించి కూర్చున్నాము. రాత్రి పదకొండు దాటిన తర్వాత ఎవరో తలుపు తట్టారు. కిటికీలోంచి చూస్తే మా వద్ద మూడేళ్ళు చదివి మానేసిన కుర్రవాడు. పదిహేడేళ్ళు ఉంటాయి. తండ్రికి ఊపిరి అందడం లేదని, ఆంబులెన్సు ఎంతకూ రావడం లేదని, మా వ్యాను ఇవ్వమని, మేము ఒకసారి వచ్చి చూడమని అడిగాడు. ఇంట్లో ఎనభై ఏళ్ళు దాటిన మా తల్లిగారు ఉన్నారు. మేము తలుపు తీయలేదు. కిటికీలోంచే రెండు ఫోన్ నంబర్లు చెప్పాము. కొంత డబ్బు చేతిరుమాలులో మూట కట్టి కిందికి వేశాము. వాడు వంగి తీసుకున్నాడు. సలాం చెప్పి వెళ్ళాడు. రెండు రోజులకు ఆ తండ్రి మరణించాడు. జనాజాకు కూడా మేము వెళ్ళలేదు.

ఇన్నేళ్ళుగా మాకు మేము చెప్పుకున్న సమాధానం ఒకటి ఉన్నది. ప్లేగు ఉన్న ప్రాంతంలోకి వెళ్ళవద్దని, ఉన్నచోట నుండి పారిపోవద్దని దైవప్రవక్త (స) వారించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో సిరియాలో అమ్వాస్ ప్లేగు చెలరేగినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటి నుండి వెనుదిరిగారు. ఆ హదీసును అక్కడ వినిపించినవారు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). కాబట్టి తలుపు మూయడం కూడా ఆదేశపాలనే అని మేము వాదించుకున్నాము. అందులో తప్పు లేదు. ఇంటి పెద్దలను కాపాడుకోవడం బాధ్యతే.

కాని అదే ప్లేగులో హజ్రత్ అబూ ఉబైదా (రజి) వృత్తాంతం కూడా మేము ఏటా పిల్లలకు చెబుతాము. ఆయనను బయటికి రప్పించాలని ఖలీఫా లేఖ పంపితే, తన సైనికులను విడిచి రాలేనని మన్నింపు కోరి అక్కడే ఉండి మరణించారు. హదీసులోని రెండవ సగం అది. మేము మొదటి సగాన్నే గట్టిగా పట్టుకున్నాము. వ్యాధి మా ఇంటి ముందు ఊరిలోనే ఉన్నది, మేమూ ఆ ఊరివాళ్ళమే. ముఖానికి గుడ్డ కట్టుకుని కిందికి దిగి, వ్యాను తాళం చెవి వాడి చేతిలో పెట్టి దూరంగా నిలబడి ఉండవచ్చు. అందుకు తలుపు తీయవలసిన పని కూడా లేదు, తాళం చెవిని రుమాలులోనే వేయవచ్చు. డబ్బు మూట కట్టినప్పుడు ఆ ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. వ్యాను మళ్ళీ ఇంటికి రావాలి కదా అని భయపడ్డాము.

ఈ సంగతి అమ్మాయికి మరునాడు సహరీ వేళ చెప్పాము. ఆ రోజు మేమిద్దరం నఫిల్ ఉపవాసం. ఆమె ఏమీ అనలేదు. మా గ్లాసులో నీళ్ళు అయిపోతే నింపింది.

ఆ కుర్రవాడు ఇప్పుడు బస్టాండు వెనక ద్విచక్ర వాహనాల మరమ్మతు షాపులో పని చేస్తున్నాడు. దారిలో కనిపిస్తే ఎప్పుడూ తనే ముందు సలాం చెబుతాడు. మేము జవాబు చెప్పి వేగంగా సాగిపోతూ ఉంటాము. పోయిన జుమా నాడు నమాజు తర్వాత ఆ షాపు ముందు ఆగాము. చేతుల నూనె తుడుచుకుంటూ వచ్చి, "ఉస్తాద్, బండికి ఏమైంది?" అని అడిగాడు. బండికి ఏమీ కాలేదని చెప్పాము. వాడు కాసేపు మా ముఖం వంక చూసి, లోపలి నుండి ఒక స్టూలు తెచ్చి వేశాడు. కూర్చున్నాము.